సింగిడి జట్టు బంతి

నేను ఒక రగ్బీ బంతిని. గుండ్రంగా లేనని అప్పుడే మొహం చిట్లించకండి. నన్ను బొప్పాయి అన్నవాళ్లూ ఉన్నారు, కోడిగుడ్డు అన్నవాళ్లూ ఉన్నారు. జలంధర్‌లో ఒక కార్ఖానాలో నాలుగు ముక్కలు కలిపి కుట్టి, లోపల తిత్తి పెట్టి, గాలి కొట్టి పంపారు. ఇప్పుడు ఆ తిత్తికి చిల్లుపడి, హైదరాబాదులో ఒక గదిలో పాత బూట్ల పక్కన పడి ఉన్నాను.

మొదట సికింద్రాబాదులో ఒక ఆటసామాన్ల దుకాణానికి చేరాను. వచ్చినవాళ్లంతా క్రికెట్ బంతులే అడిగేవారు. ఆ అవమానం నాకింకా గుర్తే. చివరికి సదానందం వచ్చి నన్ను కొన్నాడు. పెద్దపల్లి వైపు కుర్రాడు, ఎద్దు భుజాలు, మాట మాత్రం మెత్తన. అతను ఆడేది సింగిడి జట్టుకు. సింగిడి అంటే ఇంద్రధనుస్సు. అందులో దాదాపు అందరూ గే యువకులే. మగవాళ్లను ప్రేమించే మగవాళ్లకు మోటు ఆట చేతకాదని బయట చాలామందికి గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో మైదానంలోకి దిగినవాళ్లు సదానందం ఢీకొట్టాక లేచి నిలబడడానికి పడిన అవస్థ నేను దగ్గరుండి చూశాను.

సదానందానికి ఈ ఆట నేర్పింది అన్న ఓదేలు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే జట్టులో పక్కపక్కన ఆడేవారట. తను గే అని తమ్ముడు చెప్పిన రోజు నుంచి ఓదేలు మాట మానేశాడు. ఎదురుపడితే ఒంటికి తగలకుండా తప్పుకునేవాడు. ఎవరేమన్నా నవ్వేసే సదానందం, అన్న ఊసు వస్తే మాత్రం నన్ను ఒళ్లో పెట్టుకుని ఊరికే నిమిరేవాడు. అన్న ఒక్కసారి పలకరిస్తే చాలు వాడికి. అంతకుమించి ఏమీ అడగలేదు.

ఒక ఆదివారం ఉదయం ఓదేలు జట్టుతోనే మాకు పోటీ పడింది. అన్నదమ్ములిద్దరూ ముందు వరుసలో, సరిగ్గా ఎదురెదురు.

ఈ ఆటలో స్క్రమ్ అని ఒకటుంది. రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది వంగి, తలలు ఇరికించుకుని నెట్టుకుంటారు. మధ్యలోకి నన్ను దొర్లిస్తారు. నెట్టేముందు ఎదుటివాడి జెర్సీని గట్టిగా పట్టుకోవాలి, అది నియమం. పట్టు లేకపోతే అంతా కూలి మెడలు విరుగుతాయి. పగవాణ్ణి వాటేసుకుంటే తప్ప సాగని ఆటను కనిపెట్టింది మనుషులే. ఎవరు ఎవరిని తాకకూడదో నిర్ణయించేదీ మనుషులే. నాకు వాళ్లు ఒక పట్టాన అర్థం కారు.

మొదటి స్క్రమ్‌లో ఓదేలు తమ్ముడి జెర్సీ అంచును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. నేను లోపలికి దొర్లానో లేదో మొత్తం కూలింది. సదానందం తల నేలకు కొట్టుకుంది. ఆ చప్పుడుకు నాకు భయమేసింది.

రెఫరీ ఓదేలును పక్కకు పిలిచాడు. "మంచిగ పట్టుకో భాయ్. పిల్లగాని మెడ పోతది."

మళ్లీ వంగారు. ఈసారి ఓదేలు చెయ్యి తమ్ముడి వీపు మీదికి వెళ్లి జెర్సీని పిడికిట్లో బిగించింది. స్క్రమ్ లోపల ఏం జరిగేదీ బయటివాళ్లకు తెలియదు, నాకు తెలుస్తుంది. ఇద్దరి చెవులూ ఒరుసుకుంటున్నాయి.

"దెబ్బ గట్టిగ తాకిందా రా?" అన్నాడు ఓదేలు.

సదానందం నోట్లో పళ్లకు పెట్టుకునే గార్డు ఉంది. "మ్మ్," అన్నాడు.

"నెత్తి దించకు. నన్ను పట్టుకో."

"మ్మ్."

ఇన్నాళ్లు ఎదురుచూసిన మాట వస్తే, పాపం, జవాబివ్వడానికి నోరు ఖాళీ లేదు.

ఆట సంగతి అడగకండి, మేము గెలవలేదు. చివరి ఈల మోగాక ఓదేలు తమ్ముడి జెర్సీ వంక చూశాడు. తను పట్టిన చోట పక్క కుట్టు పొడుగునా విడిపోయింది.

"చినిగింది కద రా. ఇంటికి రా, కుట్టిస్త."

సదానందం గార్డు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎప్పుడు రావాలె అన్నా?"

"ఇప్పుడే నడు. బండి ఆడ్నే ఉన్నది."

ఇద్దరూ గేటు వైపు నడిచారు. ప్రతిసారీ నన్ను చంకలో పెట్టుకుని తీసుకెళ్లే సదానందం ఆరోజు నన్ను మరిచిపోయాడు. ఎండలో, ఖాళీ మైదానం మధ్యలో ఒక్కదాన్నే పడి ఉన్నాను. ఇంకో రోజైతే నాకు ఒళ్లు మండేది. ఆరోజు మాత్రం, నేను గుర్తొచ్చి వాడు వెనక్కి తిరిగి వస్తాడేమోనని భయపడ్డాను.