గేరు రాడ్డు పక్కన పొట్టివాణ్ణి

నేను ఒక జీపులో గేరు రాడ్డు పక్కన నిలబడి ఉండే పొట్టి లివర్ని. ఫోర్‌వీల్ లివరంటారు. నన్ను లాగితే వెనక చక్రాలతోపాటు ముందు చక్రాలకీ ఇంజను బలం అందుతుంది. లాగకపోతే వెనక రెండే చాకిరీ చేస్తాయి, ముందు రెండూ ఊరికే దొర్లుతాయి. మనుషుల్లో చాలామంది అలాగే దొర్లుకుంటూ బతికేస్తున్నారు గనక చక్రాల్ని నేను తప్పుపట్టను.

నేనూ గేరు రాడ్డూ ఒకే కొలిమిలో కాలి, ఒకే సుత్తి దెబ్బలు తిని పుట్టాం. వాడు పొడుగయ్యాడు, నేను పొట్టివాణ్ణయ్యాను. వాణ్ణి పొద్దస్తమానం పట్టుకుంటారు, వాడి తల అరిగి నున్నగా మెరుస్తుంది. నా తలకి సంచులు తగిలిస్తారు.

మొదటి యజమాని గవరయ్యగారు విజయనగరంలో కాంట్రాక్టరు. ఆయనకి నేనంటే అతిప్రేమ. "నాలుగు చక్రాలకీ కొన్నాను, రెండిటి మీద ఎందుకు తిరుగుతాను?" అని, తారు రోడ్డు మీద కూడా నన్ను లాగే ఉంచేవాడు. మలుపులో ముందు చక్రాలు ఒక దూరం పోతాయి, వెనకవి మరో దూరం. బురదలోనైతే కాస్త జారి సర్దుకుంటాయి. తారు మీద జారేదెక్కడ? లోపల గేర్ల పళ్లన్నీ పటపటా కొరుక్కుంటూ తిరిగాం. టైర్లు అరిగాయి, స్టీరింగు బిగుసుకుంది. ఆయన మొదట టైర్లని తిట్టాడు, తర్వాత రోడ్డుని తిట్టాడు, ఆఖరికి జీపు కొన్న ముహూర్తాన్ని తిట్టి అమ్మేశాడు. నన్ను వెనక్కి నెట్టి చూద్దామన్న ఆలోచన మాత్రం రాలేదు. పెద్దవాళ్లకి చిన్న ఆలోచనలు రావు.

అలా సాలూరు దాలినాయుడి చేతిలో పడ్డాను. అతను చుట్టుపక్కల ఊళ్లకి జనాన్ని తిప్పేవాడు. అంతా తారు రోడ్డే. వారంలో ఒక్క గురువారం మాత్రం అతని భార్య నూకరత్నం ముందు సీట్లో ఎక్కేది. ఆమె కొండమీద గుమ్మలవలసలో గడపగడపకీ వెళ్లి ఎండు పసుపు అరువుకి కొని, సాలూరులో షావుకార్లకి అమ్మేది. తారు రోడ్డు కొండ కింద వాగు దగ్గర, మావాళ్ల మాటలో గెడ్డ దగ్గర, ఆగిపోతుంది. గెడ్డ దాటితే అంతా ఎర్రమట్టి ఎక్కుడే. అక్కడ నాయుడు నన్ను లాగేవాడు. ముందు చక్రాలు మట్టిని గోళ్లతో పట్టుకున్నట్టు పట్టుకుని ఎక్కేవి. ఆ ఒక్క రోజు కోసం మిగతా వారమంతా నేను సంచులు మోసేవాణ్ణి.

ఈ సుఖం నూకరత్నం తమ్ముడు ఎర్నాయుడికి నచ్చలేదు. పాత బళ్లు అమ్మించే బేరగాడతను, సలహాలు ఉచితం.

"బావా, రోజూ తిరిగేది తారు మీద. ముందు చక్రాల్ని ఎందుకు మేపుతున్నావు? టూవీల్ వ్యాను తీసుకో. మెత్తగా ఎల్తాది, డీజిలు తక్కువ తాగుతాది."

"మరి నా పసుపో?" అంది నూకరత్నం.

"ఆ కొండోళ్లే కిందకి తెచ్చుకుంటారప్పా."

"కిందకి తెస్తే నాకెందుకిత్తారు? మెట్ట దిగగానే నీలాంటోడొకడు కాసుకునుంటాడు కదేటి."

ఎర్నాయుడు నవ్వేశాడు కానీ, వెళ్తూవెళ్తూ బావ చెవిలో ఒక మాట వేసి పోయాడు. వ్యాను కొనకపోతే పోనీ, ముందు చక్రాలకి బలం అందించే షాఫ్టు విప్పేస్తే డీజిలు మిగులుతుందని. చాలామంది డ్రైవర్లు చేసే పనే. నాయుడు ఒక మధ్యాహ్నం ఇంట్లో చెప్పకుండా జీపు కిందకి దూరి విప్పేశాడు. నన్ను మాత్రం చూపుకి ఉంచాడు. ఆ తర్వాత రెండు గురువారాలు ఎండ కాసింది, నేల గట్టిగా ఉంది. ఎర్నాయుడి మాటే వేదమైంది.

మూడో గురువారం పసుపు బస్తాలతో కొండ దిగి గెడ్డలోకి వచ్చేసరికి పైన మబ్బు కమ్మి వాన మొదలైంది. వెనక చక్రాలు బురదలో కూరుకుపోయాయి. నీరు మెల్లగా పెరుగుతోంది. పసుపు తడిస్తే రంగు పోతుంది, షావుకారు ముట్టడు. అది గుమ్మలవలస ఆడవాళ్లు ఆమెని నమ్మి చేతిలో పెట్టిన సరుకు. ఒక్కసారి మాట పోతే మరి ఆ గడపల్లో ఆమెకి సరుకు పుట్టదు.

"లాగు మావా, పొట్టి లివరు లాగు!"

నాయుడు లాగాడు. భలే గంభీరంగా లాగాడు. నాటకాల్లో రాజులు కత్తి దూసినట్టు లాగాడు. ముందు చక్రాలు మటుకు మాకేం తెలీదన్నట్టు కూర్చున్నాయి.

"ఏటి, కదలవేటి?"

"వానకి పట్టేసుంటాది."

ఆమె చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగింది, వంగి జీపు కిందకి చూసింది. లేచినప్పుడు ఆమె మొహం చూసి నాయుడు స్టీరింగు వైపు తిరిగిపోయాడు.

"షాఫ్టేదీ?"

"ఇంట్లో ఉంది. పశువుల సాలలో."

"తలుపుకి అడ్డం పెడుతున్నాను, ఆ ఇనపముక్కేనేటి?"



ఆమె అప్పుడు తిట్టలేదు. ఒడ్డుమీదకెక్కి కొండవైపు కేకేసింది. గుమ్మలవలస ఆడామగా పరిగెత్తుకొచ్చారు. కొందరు బస్తాలు తలకెత్తుకుని ఆవలి ఒడ్డుకి చేర్చి గొడుగులు అడ్డం పెట్టారు, మిగతావాళ్లు జీపుని తోశారు. ఒక ముసలమ్మ బురద తుడుచుకుంటూ, "నాయుడూ, నీ బండికి మేమే ముందు చక్రాలమా? అయితే మాకూ డీజిలు పొయ్యి!" అంది. గెడ్డ గెడ్డంతా నవ్వింది. నాయుడూ నవ్వక తప్పలేదు. నాకు మాత్రం సిగ్గేసింది. తప్పు నాది కాదు, అయినా బస్తాలు మోసింది నేను కాదుగా.

పసుపు తడవలేదు. తిట్లు ఇంటికెళ్లాక పడ్డాయి. తీర్పు కూడా అక్కడే. "తారు మీద నీకు రెండు చక్రాలు చాలు, అడ్డు చెప్పను. గురువారం నాకు నాలుగూ కావాలి. విప్పిన చేతులే బిగించాలి." దాంతో నాయుడు ప్రతి బుధవారం జీపు కింద పడుకుని షాఫ్టు బిగించేవాడు, శుక్రవారం మళ్లీ విప్పేవాడు. వీపు పట్టేసింది, చొక్కాలన్నీ గ్రీజు మరకలయ్యాయి. కొన్నాళ్లకి విప్పడం మానేశాడు. మిగిలిన డీజిలు డబ్బులు నడుం మందులకి చాలడం లేదని బావమరిదికి చెప్పాడట.

ఈ ఏడు గెడ్డ మీద వంతెన కట్టారు. గుమ్మలవలస దాకా తారు పడింది. మొదటి గురువారం నన్ను ముట్టకుండానే జీపు నున్నగా పైకెక్కింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. నాయుడూ అదే అనుకున్నాడు.

"చూసావా, ఇప్పుడు వ్యాను ఎక్కదేటి? మీ తమ్ముడికి కబురెట్టనా?"

నూకరత్నం తారు ఆగిపోయిన చోటికి చూస్తోంది. అక్కడినుంచి ఎర్రమట్టి బాట ఇంకా పైకి పోయింది.

"ఆ పైనూళ్లో అల్లం బాగుంటాదంట మావా," అంది. అతను నోరు తెరిచేలోగా చెయ్యి చాపి తనే నన్ను లాగింది.