ఎవరి తాలూకు

రాజేశ్వరమ్మ పొద్దున్నే గంజి కుండ అడుగున అంటిన మాడును ఆల్చిప్పతో గీకుతోంది. ఉప్పెనకు ఇళ్లు కొట్టుకుపోయినవాళ్ల కోసం కుంపిణీవారు అమలాపురం కచేరీ పక్కన తాటాకు పాకలు వేయించారు, బియ్యం ఇప్పించారు. పాకలు సర్కారువి, బియ్యం సర్కారుది, మంచిపేరు వాటిని చూసే గుమాస్తాది, అంటే ఆమె భర్తది. మాడు మాత్రం ఆమెది. "ఎలాగూ పొయ్యి వెలిగిస్తావు, ఎసట్లో ఇంకో తూమెడు పొయ్యడానికి నీకేం బరువు?" అన్నాడాయన మొదటిరోజునే.

నిన్న అన్నం తింటూ ఆయన ఓ వేడుక చెప్పాడు. పాకలో చోటు కావాలంటే ఎవరి తాలూకో చెప్పాలి. ఆడదైతే మొగుడి పేరు. అందరికీ తోడొచ్చిన ఊరివాళ్లు చెప్పారు. ఉప్పలగుప్తం వైపు నుంచి వచ్చిన వీరవేణి అనే పడవవాళ్ల పిల్లకు చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు. పడవ మీద పోయిన మొగుడు తిరిగి రాలేదు. ఎంత అడిగినా తలొంచుకుని నిలబడిందట. "ఉంటేగా, పేరు చెప్పడానికి" అని ఆయన నవ్వాడు. పప్పు వడ్డిస్తూ రాజేశ్వరమ్మా నవ్వింది. ఆయన నవ్వితే నవ్వడం, చారులో ఉప్పు వేయడంలాగే, ఇంటిపనిలోదే.

ఇవాళ ముసురుకి పనిమనిషి రాలేదు. గంజి తనే మోసుకెళ్లింది. పాక చూరు కింద, సగం వానలో, వీరవేణి నిలబడి ఉంది. నిండు నెలలు.

"చెప్పెయ్యకూడదుటమ్మా?" అంది గంజి పోస్తూ.

"మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తగ్గిపోద్దంటారు కదండీ. నీళ్లమీదున్న మనిషాయె."

రాజేశ్వరమ్మ ముఖం సిగ్గుతో భగ్గుమంది. కాపురానికొచ్చింది మొదలు తనూ "ఏవండీ" దాటింది లేదు. "ఇది నా ఇల్లు, ఉంటే ఉండు" అని ఆయన అన్నప్పుడల్లా ఉంటూ వచ్చింది. ఉప్పెన ఇంకాస్త పైకొచ్చి ఉంటే ఈ చూరు కింద తనే తలొంచుకుని నిలబడేది; ఎక్కడో ఎవరో ఇల్లాలు పప్పు గరిటె పట్టుకుని నవ్వేది.

తాటాకు గొడుగు కింద ఆయన వచ్చాడు. "ఇంకా ఇక్కడే ఉందా? ఎవరి తాలూకో తేలిందా?"

"తేలిందండీ" అంది రాజేశ్వరమ్మ. "సత్తిరాజు గారి తాలూకు."

పాకలో గంజి ముంతలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏ సత్తిరాజు?" ఆయన గొంతు సన్నబడింది.

"కచేరీ గుమాస్తా సత్తిరాజు గారండీ. పురుడయ్యేదాకా వారింట్లోనే ఉంటుంది."

వీరవేణి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది. నాలుగడుగులేసి, ఆయుష్షు అనుమానం తీరక, వెనక్కి తిరిగి ఆయన్ని ఎగాదిగా చూసింది. నిక్షేపంగానే ఉన్నాడు. నిన్న తను నవ్విన నవ్వే, గంజి మాడులా, ఇంకా ఆమె నాలుకను వదల్లేదు.