మొండయ్య ముక్కు చెప్పిన మాట

నస్పూర్ వాడలో మొండయ్య ముక్కుకున్న పరపతి సర్పంచ్ మాటకు కూడా లేదు. బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు నీళ్లు తోడే పంపు దగ్గర ఖలాసీగా చేసిన మనిషి. లోపల బొగ్గు రాజుకుంటే, పొగ కనబడకముందే వాసన పట్టి ఒక షిఫ్టు మొత్తాన్ని పైకి తెచ్చాడు. ఆ ముచ్చట వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనా చెప్పుకుంటాడు, ఎవరూ అడక్కపోయినా.

రిటైరయ్యాక మళ్లీ పంపు పనే దొరికింది. రోడ్డు పక్క బంకులో భూమిలో పాతిన పెట్రోలు ట్యాంకు తుప్పు పట్టి కారి, ఇరవై ఇళ్లకు ఆధారమైన బావిని పాడుచేసింది. తొంభై ఒకటి ఎండాకాలంలో కైలాసం అనే ఇంజనీరు వచ్చి బావిలో మోటారు దింపాడు. తోడిన నీళ్లు ఎత్తున పేర్చిన రేకు తట్టల మీదుగా జల్లుగా పడి, బొగ్గుపొడి నింపిన డ్రమ్ముల గుండా పోయి కాలువలో కలుస్తాయి. తట్టల మీద పెట్రోలు ఆవిరై గాలికి పోతుంది, మిగిలింది బొగ్గు పీల్చుకుంటుంది. ఆ తట్టల పక్కనే స్టూలు వేసుకుని మొండయ్య పద్నాలుగు నెలలు కాపలా కూర్చున్నాడు.

రెండో వానాకాలం వచ్చేసరికి వాడ జనానికి ఓపిక నశించింది. రెండు రోజులకోసారి వచ్చే నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెల కొట్లాటే. ఒకరోజు మొండయ్య బావినీళ్లు చేదతో తోడి దోసిట్లో పట్టి వాసన చూశాడు. ఏమీ లేదు.

"జర ఆగు మొండన్నా," అన్నాడు కైలాసం. "పెట్రోలు మట్టికి పట్టుకోని ఉంటది. వానలకు ఊట పెరిగితె మళ్లా నీళ్లల్ల కలుస్తది. నీళ్ల సీసా పరీక్షకు హైదరాబాద్ పోయింది, రిపోర్టు రానీ."

"నా ముక్కే రిపోర్టు సారూ," అని మొండయ్య అందరి ముందూ చెంబెడు నీళ్లు గటగటా తాగేశాడు. ఆ సాయంత్రానికే వాడంతా బావి మీద పడింది.

అదే వారం కూతురు దేవకి జమ్మికుంట నుంచి వచ్చింది. పెళ్లయిన అయిదేళ్లకు కడుపు పండింది, మూడో నెల. మొదటి గ్లాసు నోటిదాకా తెచ్చి మొహం తిప్పుకుంది.

"బాపూ, నీళ్లల్ల ఏందో కంపొస్తుంది."

"వేవిళ్లు బిడ్డా. నీకు గిప్పుడు అన్నంల గూడ కంపే వస్తది," అని నవ్వాడు. తల్లి దుర్గవ్వ కూడా అదే అంది. దేవకి ముక్కు మూసుకుని తాగింది. రోజూ అలాగే తాగింది.

పదో రోజు పొద్దున దుర్గవ్వ పొయ్యి మీద పప్పు పెట్టి కూరగాయలకు వెళ్లింది. తిరిగి వస్తూనే గయ్యిమంది.

"ఇల్లంత మాడు కంపు కొడుతుంటె, పక్కన కూసోని ఏం జేస్తున్నవ్?"

బీడీ కట్ట విప్పుతున్న మొండయ్య గిన్నె వైపు చూశాడు. పప్పు నల్లగా అడుగంటింది. లేచి, మూలనున్న కిరోసిన్ డబ్బా మూత తీసి గట్టిగా పీల్చాడు. గొంతు మండింది గానీ వాసన రాలేదు. మళ్లీ పీల్చాడు. ఆ తట్టల గాలి పీల్చి పీల్చి ముక్కు ఎప్పుడు పనికిరాకుండా పోయిందో ఆయనకే తెలియదు.

అరుగు మీద దేవకి చెంబు ఎత్తుతోంది. పరుగున వెళ్లి లాక్కున్నాడు.

"తాగకు బిడ్డా. నీకొచ్చిన కంపు వేవిళ్లది గాదు."

దేవకి చెయ్యి పొట్ట మీదికి పోయింది. "పది దినాల సంది తాగుతున్న గద బాపూ," అంది నెమ్మదిగా. తిట్టినా బాగుండేది. మొండయ్య చెంబులో నీళ్లు పారబోసి బావి వైపు నడిచాడు.

పక్కింటి తారాబాయి నీళ్లు తోడుతోంది. మొండయ్య సిగ్గు చంపుకుని అన్నాడు: "నీళ్లు తోడకు చెల్లె. నా ముక్కు పనిజేస్తలేదు. గీ నీళ్లల్ల పెట్రోలు ఉన్నది."

తారాబాయి ఆశ్చర్యపోలేదు. "మొదటి దినం సందే కంపున్నది అన్నా. మా ఇంట్ల అందరికీ వచ్చింది."

"మరి చెప్పకపోతిరేందే?"

"నువ్వు లేదన్నవ్ గద. నీ ముక్కుకు రాంది మాకెట్ల వస్తది, మాదే భ్రమ అనుకున్నం." ఆమె బిందెలోని నీళ్లు ఒంపేసి, ఖాళీ బిందె చంకన పెట్టుకుంది. "కడమ ఇండ్లల్ల గూడ నువ్వే పోయి చెప్పు. మేం చెప్తె ఎవ్వలు నమ్మరు."