తోకముక్క ఇష్టమైన మనిషి

సుతప తన కూతురు తితిర్‌కి మధ్యాహ్నం అన్నం వడ్డిస్తుంటే, తన కొడుకు నిఖిలేశ్ ఇంకా స్నానమే చేయలేదు, అప్పుడే కంచాలేమిటని అత్తగారు మంచం మీద నుంచే అడిగారు. బెహాలాలోని ఆ ఇంటికి సుతప కాపురానికొచ్చిన నాటి నుంచీ వరస ఒకటే. ముందు మగవాళ్ళు, తర్వాత అత్తగారు, పిల్ల. చివరికి గిన్నెల అడుగున మిగిలినదానితో తను, పొయ్యిగట్టు పక్కన నిలబడి. రుయి చేపలో తల తింటే తెలివట, అందుకని అది భర్త నిఖిలేశ్‌ది. పొట్టముక్క రుచి, కనుక అదీ ఆయనదే. నీకేది ఇష్టమని ఎవరైనా అడిగితే తోకేనని చెప్పి చెప్పి, చివరికి సుతప తనే నమ్మేసింది.

కాలేజీలో చేరిన తితిర్ తిండి మానేసి చిక్కిపోతుంటే మొదట్లో ఇల్లంతా మెచ్చుకుంది. రసగుల్లా పెట్టినా ముట్టదు, ఎంత నిగ్రహమో అని మేనత్తలు మురిసిపోయారు. ఆడపిల్ల తీగలా ఉంటేనే అందమన్నారు అత్తగారు. తర్వాత పిల్ల చదివిన పేజీనే మళ్ళీ మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. మండుటెండల్లో శాలువా కప్పుకునేది. మెతుకు ముట్టని మనిషి పొద్దస్తమానం వంటల వీడియోలు చూసేది. ఇంట్లో అందరినీ వేళాకోళం చేసే పిల్ల, పలకరిస్తే కసురుకునేది. పొగరు, రెండు తగిలిస్తే అదే తింటుందన్నాడు నిఖిలేశ్. ఆ మాటకు సుతపకు ఒళ్ళు మండిపోయింది.

పిల్లను తీసుకెళ్ళి చూపిస్తే, డాక్టరమ్మ శర్వరి మాత్రం సుతపను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "ఒళ్ళే కాదమ్మా, తిండి లేక మెదడు కూడా చిక్కిపోతుంది. పట్టిన పట్టు వదలదు, భయం పెరుగుతుంది. ఆ కసురుకునేది మీ పిల్ల కాదు, ఆకలి. దానితో వాదించకండి. ముందు తిండి పడితే మెదడు తేరుకుంటుంది, మెల్లగా పిల్ల మీకు దొరుకుతుంది. పెట్టి వెళ్ళిపోకండి, పక్కన కూర్చుని మీరూ తినండి."

అందుకే ఈ రోజు సుతప కంచం తెచ్చుకుని కూతురి పక్కన కూర్చుంది. తితిర్ తన కంచం చూసుకుంది, తల్లి కంచం చూసింది. మొహం గట్టిపడింది.

"నీకంటే నాకే ఎక్కువ పెట్టావు. నేను తినను."

ఇది ఆకలి మాట, వాదించకూడదు అనుకుంది సుతప. కానీ కళ్ళు తన కంచం మీదికి పోయాయి. అడుగంటిన అన్నం గుప్పెడు, తోకముక్క, పలచటి పులుసు. పిల్ల అన్నది అక్షరాలా నిజం. ఇన్నేళ్ళూ ఇంత తిని ఈ ఇంటెడు చాకిరీ ఎలా చేశానా అని ఆమెకు తన మీద తనకే జాలేసింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. కంచం నిండా వేడి అన్నం పెట్టుకుంది. మూతపెట్టి ఉన్న గిన్నె తీసి పొట్టముక్క వేసుకుంది. వచ్చి కూర్చుని, ముల్లు తీసి, నింపాదిగా తినసాగింది. వెన్నలా ఉంది. తితిర్ రెప్పవేయకుండా చూసింది. చాలాసేపటికి ఒక ముద్ద కలుపుకుంది, నోట్లో పెట్టుకుంది. ఏడుస్తూ ఇంకొకటి. సుతప ఎడమచేత్తో పిల్ల వీపు నిమురుతూ తనూ తింటూనే ఉంది. తితిర్ కంచంలో సగం మిగిలే ఉంది. అయినా సగం లోపలికి వెళ్ళింది.

నిఖిలేశ్ తల తుడుచుకుంటూ వచ్చి గిన్నె మూత తీశాడు.

"నా పొట్టముక్క ఏది?"

సుతప లేవలేదు. ఆమె నోరు విప్పేలోపే పక్కనుంచి, ఎన్నాళ్ళుగానో వినని ఆ కొంటె గొంతు పలికింది.

"అమ్మ తినేసింది నాన్నా. తోక ఉంది, తిను. చాలా బాగుంటుందట."