బాబా పేల్చని తూటా

గజేందర్ తాత చేసిన ఉద్యోగమేమిటో చెబితే ఖతార్ కూలీల క్యాంపులో ఒక్కడూ నమ్మేవాడు కాదు. ఖానాపూర్ అడవికి దొర వేటకొస్తే, ఆ పక్క చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చుని, దొర తుపాకీ పేల్చిన క్షణానే తానూ పేల్చడం. అంతే ఉద్యోగం. దొర గుండు ఏ మద్దిచెట్టు బెరడులోనో దిగేది, తాత గుండు జంతువుకు తగిలేది. ఫొటోలో మాత్రం జంతువు మీద దొర కాలు ఉండేది. తాతకు ఒక తొడ మాంసం దక్కేది, దాంతోపాటు నోరు మెదపొద్దని ఒక చూపు.

"రెండు తుపాకులు ఒక్క తీరుగ పేలాలె. రెండు సప్పుళ్లు ఇనబడ్డయా, దొర ఇజ్జత్ పాయె, మన కూడు పాయె" అని తాత అంటుండేవాడట. గజేందర్ ఆ మాటను తాత గొంతుతో అనుకరించి చెబితే డ్రైవర్ ఇక్రాముద్దీన్ చాయ్ పొలమారేదాకా నవ్వాడు. ఆ ముచ్చట తిరిగి తిరిగి తన మెడకే చుట్టుకుంటుందని గజేందర్‌కు అప్పుడేం తెలుసు!

గజేందర్ ఖతార్ వచ్చింది అల్ ఖోర్ దగ్గర కడుతున్న స్టేడియంలో ఇనుప కడ్డీలు కట్టే పనికి. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు వస్తోందని దేశమంతా తవ్వి పోసిన రోజులవి. ఎండలో కడ్డీ పట్టుకుంటే అరచేయి కాలేది. రెండో ఎండాకాలం పరంజా కింద స్పృహ తప్పి పడ్డాడు. మెట్‌పల్లి మనిషి ఇక్రాముద్దీన్ ఆ దగ్గర్లోనే ఒక ముసలి అరబ్బు షేక్ దగ్గర ఎన్నో ఏళ్లుగా డ్రైవర్. మనూరివైపు పిల్లగాడు చచ్చేట్టున్నాడని అతను తన యజమానికి చెప్పాడు. ఆ ముసలాయన స్వయంగా కంపెనీ ఆఫీసుకు వెళ్లి, గజేందర్‌ను తనకిమ్మని అడిగి, అతని వీసాను తన పేరు మీదికి మార్పించుకున్నాడు. ఆయన్నే వీళ్లిద్దరూ బాబా అనేవాళ్లు. అలా గజేందర్ మదీనత్ అల్ షమాల్ ఊరు దాటాక ఉన్న బాబా ఫారానికి మేత వేసే పనికి చేరాడు.

చేరిన రోజు గోడ లోపల చూసి గజేందర్ నోరు తెరిచాడు. ఖర్జూరపు మొక్కల నీడలో మనుబోతులు, అదే నీల్‌గాయిలు! చిన్నప్పుడు మక్కచేలో పడి మేసిపోతే తిట్టుకున్న మనుబోతులే. బాబా వాటిని ఎక్కడినుంచో తెప్పించి, ఆ పెద్ద ప్రహరీ లోపల వదిలి పెంచేవాడు. చలికాలంలో అతిథులొచ్చినప్పుడు ఒకదాన్ని వేటాడి, మాంసం కూలీల క్యాంపులకు పంపేవాడు. ఫోన్‌లో ఈ సంగతి చెబితే తల్లి సాయవ్వ ఒక్కటే నవ్వు. "దుబాయ్‌ల మనుబోతులెక్కడియిరా, నీకు ఎండ తలకెక్కింది, పోయి పండుకో" అంది.

బాబా వయసులో ఉండగా ఆఫ్రికాలో పెద్ద పెద్ద జంతువుల్ని వేటాడిన మనిషి. అతిథులు కూర్చునే మజ్లిస్ గోడలనిండా కొమ్ముల తలలే. కానీ కన్ను మందగించింది, చేయి వణుకు పట్టింది. ఆ ఒక్క సంగతి తప్ప ఆయనకు అన్నీ తెలుసు.

ఆయనకొక పట్టుదల ఉండేది. తన తూటా తగిలిన జంతువు దొరికి, దాని బాధ తీరేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. గజేందర్ వచ్చిన ఏడాదే ఒక ఆడ మనుబోతుకు బాబా తూటా పొట్టలో తగిలింది. అంతకుముందు పేల్చిన రెండూ గురి తప్పాయి. వాటిలో ఒకటి పక్కనే ఉన్న మగదాని చెవి సగం కోసుకుపోయింది. పొట్టలో దెబ్బ తిన్నది ప్రహరీ చివర ముళ్లపొదల్లోకి వెళ్లి దాక్కుంది. బాబాకు షుగరు. ఇక్రాముద్దీన్ ఖర్జూరం చేతిలో పెట్టి బతిమాలినా ఆయన నోరు తెరవలేదు. మరునాటి మధ్యాహ్నం ఆ జంతువు దొరికింది, దాని పక్కనే బాబా కూలబడ్డాడు. ఆసుపత్రిలో డాక్టరు ఉన్న మాట చెప్పాడు: ఇంకోసారి ఇట్లా చేస్తే మనిషి దక్కడు.

బాబా కొడుకు తుపాకులు బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాడు. "అయితే నన్నూ దాంట్లోనే పెట్టు" అన్నాడు బాబా. ఇద్దరూ ఇద్దరే. నెల రోజులు మాటల్లేవు.

అప్పుడే ఇక్రాముద్దీన్‌కు ఆ తాత ముచ్చట గుర్తొచ్చింది.

"తమ్మీ, నువ్వు గూడ తుపాకి పట్టినోనివే గద?"

"అడవిపందుల్ని బెదిరిచ్చేటందుకు పట్టిన భాయ్. గిదేం ముచ్చట?"

"బాబా పేల్చినప్పుడే నువ్వు పేల్చాలె. ఆయనది తప్పినా నీది తగులుతది. జానవర్‌కు నొప్పుండదు, ఆయన రెండు ముద్దలు తింటడు. ఇంకేం గావాలె మనకు?"

గజేందర్‌కు మనసొప్పలేదు. తాత భయానికి చేశాడు, కూటికి చేశాడు. తానెందుకు చేయాలి? కానీ పరంజా కింద పడి ఉన్న తనను తీసుకొచ్చిన మనిషి ఆయన. ఆసుపత్రి మంచం మీద ఆ ముసలి కాళ్లు ఎంత సన్నగా ఉన్నాయో చూశాడు. సరేనన్నాడు.

పద్ధతి కుదిరింది. బాబా జీపు పక్కన కుర్చీలో కూర్చుని, ఇసుకమూట మీద రైఫిల్ ఆనించి గురి చూసేవాడు. వెనకాల ఇక్రాముద్దీన్. వాళ్లకు ఎడమవైపు పాత మేతకొట్టం గోడ, దాని రంధ్రంలోంచి, బాబా తుపాకుల్లోంచి ఇక్రాముద్దీన్ తెచ్చిచ్చిన ఇంకో రైఫిల్‌తో గజేందర్. పేల్చే ముందు బాబా "బిస్మిల్లా" అని పైకి అనేవాడు, దేవుడి పేరు చెప్పకుండా ప్రాణం తీయకూడదు గనక. అని, ఒక్క ఊపిరి పీల్చుకుని పేల్చేవాడు. ఎప్పుడూ అంతే, తేడా రాదు. గజేందర్ కూడా గోడ వెనక అదే ఊపిరి పీల్చుకునేవాడు. రెండు తుపాకులూ ఒక్కటిగా మోగేవి. మోగీ మోగగానే ఇక్రాముద్దీన్ కత్తి పట్టుకుని ఒకటే పరుగు. ఈ వయసులో ఏం హుషారని అతిథులు నవ్వేవాళ్లు. గజేందర్ ఒక్కడికే తెలుసు. పేల్చింది హిందువు, బిస్మిల్లా అన్నది ఇంకొకరు. ఆ మాంసం హలాల్ కావాలంటే ప్రాణం ఉండగానే ఇక్రాముద్దీన్ వెళ్లి దేవుడి పేరు చెప్పి గొంతు కోయాలి. ఆ లెక్క అతను అల్లాతో నేరుగా చూసుకునేవాడు.

బాబా ముఖంలో కళ వచ్చింది. ప్రతి వేట తర్వాతా కుర్చీలో వెనక్కి వాలి, "ఇంకా చూపుంది" అనేవాడు తనలో తాను. ఆ మాట విన్నప్పుడల్లా గజేందర్‌కు సంతోషంగానూ ఉండేది, లోపలెక్కడో దొంగతనం చేసినట్టూ ఉండేది.

ఇట్లా రెండు చలికాలాలు గడిచాయి. ప్రపంచకప్పు దగ్గర పడింది. కొడుకు ఫారాన్ని చదును చేయించి, ఆటలు చూడవచ్చేవాళ్ల కోసం గుడారాల విడిది కట్టిస్తానన్నాడు. ఈసారి బాబా ఎదురు చెప్పలేదు, ఓపిక లేదు. మిగిలింది ఒక్క మనుబోతు. చెవి సగం తెగిన మగది, గజేందర్ సగంచెవోడు అని పిలిచేది. దాన్ని లారీ ఎక్కించి సంతలో అమ్మేస్తామని కొడుకు మనిషి వచ్చి చెప్పాడు.

"సంతలో కసాయివాడి చేతికి పోవడానికి అది గొర్రె కాదు" అన్నాడు బాబా తనకొచ్చిన హిందీలో. "నా చేత్తో పంపిస్తాను. ఆ తర్వాత తుపాకులు పోలీసులకు ఇచ్చేద్దాం. ఖలాస్."

ఆ సాయంత్రం గజేందర్ సరిగ్గా మేత కూడా వేయలేకపోయాడు. సగంచెవోడు మొదటి ఏడాదంతా మనిషిని చూస్తే ఆమడ దూరం పారిపోయేది. ఇప్పుడు బుట్ట చప్పుడైతే చాలు, చేతిలోనే మూతి పెట్టేస్తుంది. "దొంగముండాకొడకా, వేళ్లు కొరుకుతవురా" అని రోజూ తిట్టేవాడు, రోజూ చేత్తోనే పెట్టేవాడు.

"భాయ్, ఈ ఒక్కసారి నేను పేల్చ" అన్నాడు ఇక్రాముద్దీన్‌తో. "బాబా ఒక్కడే పేల్చనీ. తప్పితే తప్పుతది. దాని నసీబ్."

"తప్పితే మంచిదే తమ్మీ. తప్పకుండ పొట్టల తగిలితే? అది ముళ్లల్ల పడి కొట్టుకుంటుంటే నువ్వు చూస్తవా? ఈయన ముద్ద ముట్టకపోతే నువ్వు తినిపిస్తవా?"

ఆడ మనుబోతు ఆ ముళ్లల్లో ఎట్లా పడి ఉందో గజేందర్ మరిచిపోలేదు.

మర్నాడు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ముగ్గురే వచ్చారు. అతిథులు వద్దన్నాడు బాబా. చలిగాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది. గజేందర్ గోడ వెనక మోకాలి మీద కూర్చుని రంధ్రంలో రైఫిల్ పెట్టాడు. సగంచెవోడు ఖర్జూరపు మొక్కల్లోంచి బయటికొచ్చి నీళ్లతొట్టి దగ్గర ఆగింది. నీళ్లు తాగలేదు. తలెత్తి గాలి పీల్చింది. పీల్చి, మెల్లగా మేతకొట్టం వైపు నడవడం మొదలుపెట్టింది.

తన కోసమే వస్తోంది. వెళ్లిపో, వెళ్లిపో అని గజేందర్ పెదవులు కదిపాడు. అది ఇంకో నాలుగడుగులు వేసి, పక్కకు తిరిగి నిలబడింది. ముందు జబ్బ వెనక గుండె ఉండేచోటు నున్నగా కనబడుతోంది.

"బిస్మిల్లా" అన్నాడు బాబా.

గజేందర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇట్లా అయితే నొప్పి లేకుండా పోతుంది, తప్పు చేయడానికి వీల్లేదు అనుకున్నాడు. పేల్చాడు.

సగంచెవోడు ఉన్నచోటనే కూలిపోయింది. ఇక్రాముద్దీన్ పరుగెత్తాడు, సగం దూరం వెళ్లి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి బాబాను చూశాడు. అప్పుడు తెలిసింది గజేందర్‌కు. మోగింది ఒక్క తుపాకీ.

బాబా రైఫిల్‌ను అప్పటికే కిందికి దించి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. దాని గొట్టం మీద అరచేయి వేసి చూసుకున్నాడు. చల్లగానే ఉండి ఉంటుంది. బోల్టు వెనక్కి లాగి లోపలి తూటా బయటికి తీశాడు. ఇత్తడి తూటా, చెక్కు చెదరనిది. దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, ఎవరి చేయీ పట్టుకోకుండా, మేతకొట్టం గోడ దాకా నడిచి వచ్చాడు. గజేందర్ రైఫిల్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. దాచడానికి ఏముంది ఇంక?

బాబా ఇక్రాముద్దీన్ వైపు తిరిగాడు.

"మిగతావి కూడా?"

ఇక్రాముద్దీన్ తల వంచుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ మనిషి కంట నీళ్లు గజేందర్ చూసింది అదే మొదలు. "మీరు తినాలని, బాబా" అన్నాడు.

బాబా తల ఊపాడు. కోపం లేదు ఆయన ముఖంలో. కోపం ఉంటే బాగుండునని గజేందర్‌కు అనిపించింది.

"ఇవాళ నాకు బాగా కనబడింది" అన్నాడు బాబా మెల్లగా. "తప్పేది కాదు. కానీ అది తలెత్తి వాసన పట్టింది. ఎవరినో వెతుక్కుంటూ నడిచింది. మేత పెట్టేవాడి కోసం కాబోలు అనుకున్నాను. ఇక వేలు కదల్లేదు. కొడుకును బతిమాలి దీన్ని ఉంచుకుందాం అనుకున్నాను."

అదే గజేందర్ గుండెలో దిగింది. రైఫిల్ గోడకు ఆనించి అక్కడే చతికిలపడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఇక్రాముద్దీన్ వెళ్లేసరికే దాని ప్రాణం పోయింది. గొంతు కోసి లాభం లేదు, ఆ మాంసం ఎవరికీ పంపడానికి లేదు. పూడ్చాల్సిందే. గజేందర్ ఎవరినీ పార పట్టనివ్వలేదు. ఇసుక కింద గట్టి సున్నపురాయి తగిలింది. గడ్డపారతో పగలగొట్టుకుంటూ, అంత పెద్ద జంతువుకు సరిపడా గుంత తానొక్కడే తవ్వాడు. అరచేతుల్లో బొబ్బలు చితికాయి. బాబా కుర్చీ తెప్పించుకుని పక్కనే కూర్చున్నాడు. పొద్దు వాలుతున్నకొద్దీ ఆయన చేయి ఎక్కువగా వణకసాగింది. మందు వేసుకునే వేళ దాటిపోయిందని ఇక్రాముద్దీన్ ఖర్జూరాల పళ్లెం తెచ్చాడు.

"తినండి బాబా. మీ తూటా తగల్లేదు గదా. మీకు ఉపవాసం ఎందుకు?"

"నాకు కాదు" అన్నాడు బాబా. పళ్లెం తీసుకుని గజేందర్ వైపు చాపాడు. "వీడికి. పొద్దుటి నుంచీ వీడేమీ తినలేదు, నేను చూస్తూనే ఉన్నాను. తూటా వీడిది. వీడు తిన్నాకనే నేను తింటాను."

గజేందర్ గుంతలోంచి తలెత్తాడు. పైన బాబా చేయి, పళ్లెం, అందులో ఖర్జూరాలు గడగడా వణుకుతున్నాయి. ఆ ముసలాయన పెదవులు అప్పటికే తెల్లబడ్డాయి, ఆ పట్టుదల ఎలాంటిదో తనకు తెలుసు.

మట్టిచేతులతోనే ఒక ఖర్జూరం తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఇసుక కరకరలాడింది. సగంచెవోడిని చూడకుండా, బాబానే చూస్తూ, బలవంతంగా నమిలి మింగాడు. అది దిగిందని తెలిశాక బాబా ఇంకొకటి తీసుకుని తాను తిన్నాడు.