మూడో అంతస్తు స్తంభాల క్యూబు

నేను ఒక ఇనుప పెట్టెని. జానెడు కూడా ఉండను. సైట్లో నన్ను క్యూబ్ మౌల్డు అంటారు. స్తంభాలకి పోసే కాంక్రీటే నాలోనూ నింపి, మర్నాడు విప్పి, ఆ దిమ్మని ఇరవై ఎనిమిది రోజులు నానబెట్టి మిషన్లో నొక్కుతారు. అది ఎంత బరువుకి పగిలితే స్తంభం బలం అంత.

పుట్టింది విజయవాడలో. మొదటి మేస్త్రి నాలో మేకులు దాచుకున్నాడు, మహానుభావుడు! తర్వాత మధురవాడ అపార్ట్‌మెంట్ సైటుకొచ్చి, క్వాలిటీ ఇంజనీరు హైమావతి చేతుల్లో పడ్డాను. ప్రతిసారీ నూనె రాసి, తనే దగ్గరుండి నింపించేది.

ఇంతలో నాణ్యతా ప్రమాణాలు మారాయట. కొత్త సర్టిఫికెట్ లేకపోతే టెండర్లు రావని కంపెనీ హడలిపోయింది. కన్సల్టెంటొచ్చి నలభై ఫారాలు పడేసి పోయాడు. నాకో నంబరు అంటించారు. ఇక హైమావతికి నన్ను ముట్టుకునే తీరికేదీ? పొద్దస్తమానం కంప్యూటర్ ముందే.

మూడో అంతస్తు స్తంభాలు పోసిన రోజు ఆమెని నాణ్యత మీద క్లాసుకని హెడ్డాఫీసుకి పంపారు. నవ్వాలా, ఏడవాలా? ఇక్కడ కూలీలు పని తేలికవుతుందని, కాంక్రీటు బలం పోతుందని చూడకుండా మిక్సర్లో బిందెలకొద్దీ నీళ్లు కుమ్మరించారు. సూపర్‌వైజర్ సింహాచలం చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నాకు మాత్రం రెండు దోసిళ్ల సిమెంటు ఎక్కువేసి విడిగా కలిపి నింపాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

మర్నాడు దిమ్మ రంగు చూడగానే హైమావతికి అర్థమైపోయింది.

"ఇది స్తంభాల్లో పోసిందేనా సింహాచలం గారూ?"

"ఫారంలో గడి ఖాళీగా ఉండకూడదన్నారు కదా మేడమ్. నిండిందిగా!"

"మరి స్తంభాలు?"

"ఆడిట్ అయ్యాక చూద్దాం లెండి."

ఆమె ఫారంలో రాసేసింది: 'ఈ క్యూబు ఆ స్తంభాలది కాదు. స్తంభాలు పరీక్షించేదాకా పై స్లాబు పని ఆపాలి.' ఆడిటర్ వచ్చిన రోజున నన్ను తుడిచి ఆఫీసు బల్ల మీద కూర్చోబెట్టారు. ఆయన పేజీ తిప్పాడు. గడి నిండింది, సంతకం ఉంది. "బ్రహ్మాండం!" అని టిక్కు పెట్టాడు. చదవవయ్యా బాబూ, చదువు! నాకు నోరుంటే అరిచేదాన్ని.

సర్టిఫికెట్ వచ్చింది, దానికో దండ పడింది. మర్నాడే పై స్లాబుకి కడ్డీలు కట్టమన్నారు.

ఇంకా తెల్లారకముందే హైమావతి నన్ను చంకన పెట్టుకుని మూడో అంతస్తుకెక్కింది. నన్ను కింద పెట్టి, ఎర్ర రంగు డబ్బా తీసి, ఫారంలో రాసిన 'స్తంభాలు పరీక్షించేదాకా పై స్లాబు పని ఆపాలి' అన్న మాటే ఒక్కో స్తంభం మీదా పెద్దక్షరాలతో రాసింది.

పొద్దున్నే కడ్డీలు కట్టే గౌరునాయుడు తన మనుషులతో వచ్చాడు. కూడబలుక్కుని చదివాడు. భుజం మీది కడ్డీలు దించాడు.

"ఇది నిజమేనేటి మేడమ్?"

ఇన్నాళ్లకి ఒక్కడు అడిగాడు. హైమావతి తలూపింది.

"అయితే మేం ఎక్కం," అని అతను అక్కడే చతికిలబడ్డాడు. వెనకున్న పదకొండుగురూ కడ్డీలు కింద పడేశారు.