కుల్సుం బీ తరఫు సాక్షి

పొద్దున్నే సముద్రం సాక్ష్యం చెప్పడానికి కచేరీకి వస్తుంది. దానికి చెప్పులు లేవు కాబట్టి గుమ్మం బయట విడవాల్సిన పని లేదు. లోపలికి వచ్చి, సాక్షులు నిలబడే చోట గోడకి ఆనుకుని సర్దుకుంటుంది. తివాచీ అంచు మాత్రం కాస్త తడుస్తుంది.

నేను బందరు ఖాజీని. గోల్కొండలో సుల్తానులు మారుతుంటారు గానీ ఇక్కడ తగవులు మారవు. అందుకే కొత్త సాక్షి అంటే నాకు చెప్పలేనంత సరదా. ఎవరి తరఫున వచ్చావని అడుగుతాను.

"కుల్సుం బీ తరఫునండీ" అంటుంది సముద్రం.

కుల్సుం బీ తెర అవతల కూర్చుని ఉంది. ఆమె భర్త మీరాన్ ఓడకి చుక్కాని పట్టేవాడు. ఎనిమిదేళ్ళ కిందట వెళ్ళాడు. తర్వాత ఓడా లేదు, కబురూ లేదు. ఇప్పుడు అద్దకం పనివాడు దావూద్ ఆమెను నిఖా చేసుకుంటానంటున్నాడు. కానీ అతన్ని యజమాని సముద్రం అవతలి పెగూ రేవుకి పంపుతున్నాడు, ఈ పోటుకే ఓడెక్కాలి. ఓడెక్కినవాణ్ణి నమ్ముకుంటే ఏమవుతుందో కుల్సుం బీకి ఒకరు చెప్పనక్కర్లేదు.

అడ్డం వచ్చింది మా మజహబు, అంటే మేం నడిచే ధర్మశాస్త్ర శాఖ, పెద్దల మాట. గల్లంతైనవాడి ఈడువాళ్ళలో ఆఖరివాడు కన్నుమూసేదాకా వాడు బతికున్నట్టే లెక్క. అంతవరకు భార్య భార్యే.

మీరాన్ ఈడువాళ్ళలో మిగిలింది బుడే సాహెబు ఒక్కడు. అతనూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. బతికి ఉన్నందుకు తెగ సిగ్గుపడుతున్నాడు. అతను ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కన ఖాళీగా ఉన్న పీట, ఎవరో కూర్చున్నట్టు, కిర్రుమంటుంది. మా శాస్త్రం ఇంత కచ్చితంగా పనిచేస్తుందా అని నాకు ముచ్చటేస్తుంది.

"ఏం చెయ్యమంటారండీ, ఆకలేత్తంది, తింటన్నా. తింటే బతికిపోతన్నా" అంటాడు బుడే సాహెబు.

సాక్షి గుణం ముందు చూడాలి. బజారులో నిలబడి తినేవాడి సాక్ష్యం చెల్లదని మా పెద్దలు చెప్పారు. సముద్రాన్ని అదే అడుగుతాను.

"నలుగురూ చూస్తుండగా తింటావా?"

"తింటానండీ. నాకు ఇల్లు లేదు కదా, ఎక్కడ తిన్నా బజారే."

నా రాతకోతలు చూసే ముతసద్దీ పేర్రాజు కలం ఆపి "నిజమేనండోయ్, పాపం" అంటాడు.

సరే, ఇల్లు లేనివాడికి వీధే వంటిల్లు. సాక్ష్యం చెల్లుతుందని రాయిస్తాను. మీరాన్ ఎక్కడని అడుగుతాను.

"నా దగ్గరే ఉన్నాడండీ."

"బతికా, చచ్చా?"

"నేను ఆ తేడా పెట్టుకోలేదండీ. ఉన్నాడు."

ఎంత చక్కని జవాబు! ఆచూకీ తెలిసినవాడు గల్లంతైనవాడు కాడు. గల్లంతు కానివాడి భార్యకి ఎదురుచూపుల గడువే లేదు. ఇక బుడే సాహెబు చచ్చినా బతికినా ఒకటే, కుల్సుం బీ ఎప్పటికీ మీరాన్ భార్యే. ఇంత అందంగా పడ్డ చిక్కుముడిని నేనెక్కడా చూడలేదని పేర్రాజుతో మురిసిపోతూ చెబుతాను.

తెర కదులుతుంది.

"ఖాజీ సాహెబుగారూ, మీకు సరదాగా ఉన్నట్టుందండీ" అంటుంది కుల్సుం బీ. "మొన్న బుడే భాయికి జొరం ముంచుకొచ్చింది. ఆయన పోతే నేను బయటపడతాను. అయినా జావ కాచి పట్టుకెళ్ళి పోశాను. ఎందుకు పోశానా అని దారంతా ఏడ్చుకున్నాను. మర్నాడు మళ్ళీ పోశాను. మంచోడి చావు కోసం కాసుక్కూర్చోమనేది అల్లా మాట అవుద్దాండీ?"

నాకు సిగ్గేస్తుంది, దాచుకోవడం చేతకాదు. అరుగు మీద బుడే సాహెబు తల వంచుకుని ఏడుస్తున్నాడు. పక్కన పీట కూడా వెక్కుతోంది.

పడమటి దేశాల మజహబులో వేరే మాట ఉంది. బతికాడో చచ్చాడో తేలనివాడి కోసం నాలుగేళ్ళు ఎదురుచూస్తే చాలు, ఆపైన ఖాజీ ఆ బంధం తెంచవచ్చు. ఆ మాట నా నోటిదాకా రాగానే తలపాగా మడతల్లోంచి దగ్గు వినిపిస్తుంది. కాలం చేసిన నా గురువులంతా అందులోనే ఉంటారు. నలుగురి ముందూ వాళ్ళని కాదనాలంటే నాకు భయం. పరువూ పోతుంది, పదవీ పోతుంది. గట్టిగా కళ్ళు మూసుకుని చెప్పేస్తాను: కుల్సుం బీకి మీరాన్‌తో బంధం తెగింది.

"ఇరుకున పడ్డవాళ్ళకి పక్కింటి గుమ్మం చూపించొచ్చని మేమే చెప్పాం కదరా" అంటాడు తలపాగాలోంచి అందరికన్నా పెద్దాయన, నిద్రగొంతుతో. "మేం దగ్గింది చలికి. సముద్రాన్ని ఇంట్లో పెట్టుకుంటే దగ్గు రాదూ?"

బుడే సాహెబు గుండె నిండా ఊపిరి పీలుస్తాడు. పీట పలకదు. తెర వెనక కుల్సుం బీ ఏడుస్తుంది. ఈ ఎనిమిదేళ్ళలో మీరాన్ కోసం ఏడవడానికి ఆమెకి హక్కు దొరకడం ఇదే మొదలు.

ఇంకొకటుంది. మళ్ళీ నిఖా చేసుకోవాలంటే ముందు వితంతువు పాటించే ఇద్దత్ గడువు దాటాలి. దానికి కొన్ని నెలలు పడుతుంది. పోటు చూస్తే ఇవాళే. దావూద్ అద్దకంతో ఎర్రబారిన చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి నావైపు చూస్తాడు.

"నేనిక్కడుంటే పోటెలా వస్తుందండీ?" అంటుంది సముద్రం. "ఆవిడ గడువు తీరేదాకా ఈ మూలే కూర్చుంటాను. గోడలకి కొంచెం ఉప్పు పడితే ఏమనుకోకండి."

దాని చోటు ఇప్పుడెలా ఉందో చూడాలనిపించి కిటికీ తెరుస్తాను. రేవు అవతల అంతా బట్టబయలుగా, పొడినేల. దావూద్ ఎక్కాల్సిన ఓడ పక్కకి ఒరిగి ఉంది. ఆ నేల మీదుగా, కుల్సుం బీలా ఓడెక్కిన మగడి కబురు తెలియని ఆడవాళ్ళు నడిచి వస్తున్నారు. పెగూ నుంచి, మస్కట్ నుంచి, నాకు పేర్లు కూడా తెలియని రేవుల నుంచి వస్తున్నారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో చిన్న సముద్రం నిద్రపోతోంది.

"చాపలు చాలవండీ" అంటాడు పేర్రాజు.

మొదటి ఆవిడ అప్పటికే మెట్లెక్కి, చంకలోదాన్ని భుజం మీదికి మార్చుకుంటుంది.

"లేపమంటారా అండీ?" అని నెమ్మదిగా అడుగుతుంది. "సాక్ష్యం నిద్రలోనే చెప్పించమంటారా?"